4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌కి బరువు తగ్గించిన ఓఎస్: లాభం ఎంత, పోయేది ఏమిటి? (ఒక ఫోరమ్ చర్చ; ప్రతి పోస్టు పైన రాసినవారి పేరు ఉంది)

పాతయంత్రం

ల్యాప్‌టాప్ వివరాలు ఇవి. ఇంటెల్ కోర్ ఐ3-5005యూ ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3ఎల్ ర్యామ్ ఒకే స్టిక్‌గా (రెండో స్లాట్ ఖాళీ), 500 జీబీ 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్, విండోస్ 10 హోమ్. చేసే పనులు: బ్రౌజర్లో ఎనిమిది, పది ట్యాబులు, డాక్యుమెంట్లు, స్ప్రెడ్‌షీట్లు, వీడియో కాల్స్, యూఎస్‌బీ ప్రింటర్‌లో స్కానింగ్, తెలుగు టైపింగ్. ఆటలు ఆడను.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి ఏదో ఒకటి మార్చాలి. నా ముందున్న దారులు నాలుగు. అనవసరమైనవి కోసేసిన విండోస్ 11 ఐఎస్‌ఓని (ఓఎస్ ఇన్‌స్టాల్ చేసే ఇమేజి ఫైలుని) ఎవరో తయారు చేసి పెట్టింది దింపుకోవడం. లేదా మైక్రోసాఫ్ట్ ఒరిజినల్ ఐఎస్‌ఓ తీసుకుని స్క్రిప్ట్‌తో అలాంటిదే సొంతంగా తయారు చేసుకోవడం. లేదా ఎల్‌టీఎస్‌సీ, అంటే ఏళ్ల తరబడి ఒకే వెర్షన్‌కి అప్‌డేట్లిచ్చే విండోస్ ఎడిషన్. లేదా తేలికపాటి లైనక్స్.

తెలియాల్సింది మూడు విషయాలు. తేలిక ఓఎస్ వేస్తే నిజంగా వేగం పెరుగుతుందా, లేక బూట్ అవగానే కనిపించే ర్యామ్ అంకె ఒక్కటే తగ్గుతుందా? ఆరు నెలలు, ఏడాది గడిచాక ఏవి పనిచేయకుండా పోతాయి? కోసేసినదాన్ని తర్వాత మళ్లీ పెట్టుకోవడం కుదురుతుందా?

సీబీఎస్‌లాగ్

ఓఎస్ మార్చే ముందు ఒక కొలత తీసుకోండి. రోజూ వాడే ట్యాబులన్నీ తెరిచి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి డిస్క్ గ్రాఫ్ చూడండి. యాక్టివ్ టైమ్ 100 శాతం దగ్గర నిలబడి, రీడ్ స్పీడ్ మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే ఉంటే మీ సమస్య ఓఎస్ బరువు కాదు, డిస్క్. 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11.1 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సెక్టార్ హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, హెడ్ జరగడానికి ఇంకో పది, పన్నెండు. అంటే చెదురుమదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను సెకనుకు 60 సార్లకు మించి చదవలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ ఇదే పనిని వేలసార్లు చేస్తుంది. విండోస్‌లో ఎంత కోసినా ఈ తేడా పూడదు.

ర్యామ్ సంగతి. మీ ప్రాసెసర్‌కి 204 పిన్నుల, 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ సోడిమ్ కావాలి. 1.5 వోల్టుల పాత డీడీఆర్3 ఆకారంలో సరిగ్గా పట్టినా ఈ తరం దానికోసం చేసింది కాదు. స్లాటుకు 8 జీబీ, మొత్తం 16 జీబీ వరకు తీసుకుంటుంది. ఖాళీ స్లాట్లో ఇంకో 4 జీబీ వేస్తే డ్యూయల్ చానల్ అవుతుంది. గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది కనుక దానికీ లాభమే. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేశాక ఇప్పుడున్న ఓఎస్సే సాఫీగా నడిస్తే, ఆ తర్వాత మిగిలేది సెక్యూరిటీ అప్‌డేట్ల ప్రశ్న. దానికి జవాబు వేరు.

ఇక కోసేసిన విండోస్. ఇందులో రెండు రకాలున్నాయి, చాలామంది వీటిని కలిపేస్తారు.

మొదటి రకంలో యాప్‌లు తీస్తారు: వాతావరణం, వార్తలు, సాలిటైర్, ఎక్స్‌బాక్స్ లాంటివి. ఇవి తీస్తే డిస్క్ మీద చోటు మిగులుతుంది. ర్యామ్ మిగలదు, ఎందుకంటే తెరవని యాప్ ర్యామ్‌లో ఉండదు. ర్యామ్ తగ్గేది స్టార్టప్ ప్రోగ్రాములు, నేపథ్యంలో నడిచే సర్వీసులు, విడ్జెట్లు ఆపినప్పుడు. అది చేయడానికి కోసిన ఐఎస్‌ఓ అక్కర్లేదు, మామూలు విండోస్‌లోనే పావుగంట పని. యాప్‌లు తీసేటప్పుడు ఒక మెలిక ఉంది. ఒక్కో యాప్ రెండు చోట్ల ఉంటుంది: మీ అకౌంట్‌లో ఒక కాపీ, కొత్త అకౌంట్లకు ఇవ్వడానికి సిస్టమ్ దగ్గర దాచిన ప్రొవిజన్డ్ ప్యాకేజ్ ఇంకొకటి. మొదటిది ఒక్కటే తీస్తే కొత్త యూజర్‌ని చేర్చినప్పుడు అవన్నీ మళ్లీ వస్తాయి. పవర్‌షెల్‌లో రెండూ తీయాలి.

రెండో రకంలో విండోస్ భాగాలనే తీస్తారు: డిఫెండర్, అప్‌డేట్ సర్వీసు, రికవరీ, చివరికి విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ కూడా. అసలు నష్టం ఇక్కడే. విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అంటే కాంపొనెంట్ స్టోర్. ప్రతినెలా వచ్చే అప్‌డేట్ కొత్త ఫైళ్లను తయారు చేసుకునేది అక్కడి అసలు ఫైళ్ల ఆధారంగానే. ఆ అసలు లేకపోతే అప్‌డేట్ సగం దూరం వెళ్లి, 0ఎక్స్800ఎఫ్081ఎఫ్ అనే ఎర్రర్‌తో వెనక్కి మళ్లుతుంది. సోర్స్ ఫైళ్లు దొరకలేదని దాని అర్థం. ఇక్కడ ఎస్‌ఎఫ్‌సీ, డిస్మ్ రిపేర్ కమాండ్లు కూడా ఆదుకోవు, వాటికీ అదే స్టోర్ కావాలి. స్టోర్ మొత్తం తీసేసిన 'కోర్' రకం ఇమేజిలో తర్వాత భాష చేర్చలేరు, విండోస్ ఫీచర్ చేర్చలేరు, అప్‌డేట్ వేయలేరు. వర్చువల్ మెషీన్‌లో ఏదైనా పరీక్షించి పారేయడానికి అది సరిపోతుంది. రోజూ బ్యాంకు లాగిన్ చేసే యంత్రానికి పనికిరాదు.

తెలుగు వాడేవాళ్లకు ఇందులో ఇంకో దెబ్బ. విండోస్ 10, 11లో నిర్మల యూఐ ఫాంట్ మొదటి నుంచీ ఉంటుంది కానీ గౌతమి, వాణి ఫాంట్లు తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఆప్షనల్ ఫీచర్‌లోకి వెళ్లాయి. గౌతమితో చేసిన పాత డాక్యుమెంట్లు తెరిస్తే పేజీల అమరిక మారిపోతుంది, ఆ ఫీచర్‌ను చేర్చుకోవడానికి కోసిన ఇమేజి ఒప్పుకోదు.

ఎవరో తయారు చేసిన ఐఎస్‌ఓ విషయంలో నా సలహా ఒక్కటే: వద్దు. హాష్ (ఫైలు నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్య) సరిపోయింది కదా అని ధైర్యపడకండి. తయారు చేసినవాడు పెట్టిన ఫైలూ, మీరు దింపిన ఫైలూ ఒకటేనని చెప్పడం వరకే హాష్ పని. అతను లోపల ఏం పెట్టాడో అది చెప్పదు. పైగా అలాంటి వాటిలో డిఫెండర్ ముందే తీసేసి ఉంటుంది, ఏదైనా ఉన్నా పట్టుకునేది లేదు. అంతగా కావాలంటే ఒరిజినల్ ఐఎస్‌ఓతో, మీరు చదివి అర్థం చేసుకున్న స్క్రిప్ట్‌తో మీరే చేసుకోండి.

చేసుకున్నాక నేరుగా ల్యాప్‌టాప్ మీద వేయకండి. వర్చువల్ మెషీన్‌లో 2 కోర్లు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ ఇచ్చి ఇన్‌స్టాల్ చేసి ఇవి చూడండి. తాజా నెలవారీ అప్‌డేట్ చివరిదాకా వెళ్లిందా? రీఏజెంట్‌సీ కమాండ్‌కి స్లాష్ ఇన్ఫో ఇస్తే రికవరీ ఎనేబుల్డ్ అని వస్తోందా? ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు ఫాంట్లు దిగుతున్నాయా? ప్రింట్ స్పూలర్ ఉందా? ఎడ్జ్‌తో పాటు వెబ్‌వ్యూ2 కూడా పోయిందా? చివరిది ముఖ్యం. కొత్త ఔట్‌లుక్, టీమ్స్ లాంటివి లోపల వెబ్‌వ్యూ2 మీదే నడుస్తాయి. అది లేకపోతే తెల్ల తెర వస్తుంది, లేదా అసలు తెరుచుకోవు, కారణం మాత్రం ఎక్కడా కనిపించదు.

పేజ్‌ఫైల్

పై జవాబుకి కొనసాగింపు. మీ 5వ తరం ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు, ఇంటెల్‌లో అది 8వ తరం నుంచి మొదలవుతుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్‌కి కచ్చితంగా కావలసిన ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ ఆదేశాలు మీ ప్రాసెసర్‌లో ఉన్నాయి కాబట్టి ఇన్‌స్టాలర్ చేసే ప్రాసెసర్ తనిఖీని బైపాస్ చేస్తే బూట్ అవుతుంది. కోర్ 2 డ్యుయో అయితే బూట్ కూడా కాదు. కానీ జాబితాలో లేని యంత్రాలకు ఏడాదికోసారి వచ్చే ఫీచర్ అప్‌డేట్ విండోస్ అప్‌డేట్‌లో కనిపించదు, ప్రతిసారీ ఐఎస్‌ఓతో మీరే చేయాలి. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్ ఆయుష్షు 24 నెలలు. 24హెచ్2ది 2026 అక్టోబర్ 13తో ముగుస్తుంది. కోసిన ఇమేజి మీద ఐఎస్‌ఓతో అప్‌గ్రేడ్ చేస్తే, అది చెడిపోకుండా పూర్తయినా, మీరు కోసినవన్నీ తిరిగి వచ్చేస్తాయి. అంటే రెండేళ్లకోసారి అంతా మొదటి నుంచి.

ఎల్‌టీఎస్‌సీ అలా కాదు. యాప్ స్టోర్, ఆ అదనపు యాప్‌లు లేకుండా మైక్రోసాఫ్టే ఇచ్చేది, కాంపొనెంట్ స్టోర్ చెక్కుచెదరదు, డిఫెండర్ ఉంటుంది. విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2027 జనవరి 12 వరకు, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021కి 2032 జనవరి 13 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. సాంకేతికంగా మీ ల్యాప్‌టాప్‌కి ఇంతకన్నా అమరే విండోస్ లేదు. చిక్కు లైసెన్స్ దగ్గర ఉంది. మొదటిది సంస్థలకు వాల్యూమ్ లైసెన్స్‌లో, రెండోది పరికరాలు తయారు చేసేవాళ్లకు ఇచ్చేది. మీ విండోస్ 10 హోమ్ కీ దీనికి చెల్లదు. సరైన లైసెన్స్ దొరికే మార్గం ఉంటేనే దీని గురించి ఆలోచించండి. నిర్ణయం తేలేదాకా ఇప్పుడున్న విండోస్ 10నే వ్యక్తిగత ఈఎస్‌యూలో (సపోర్టు ముగిశాక సెక్యూరిటీ అప్‌డేట్లిచ్చే పథకం) చేర్చుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

'విండోస్ తేలిక చేయడం' అని తిరిగే చిట్కాల్లో మూడు 4 జీబీ యంత్రానికి హానికరం.

పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు) తీసేయమంటారు. వద్దు. ప్రోగ్రాములు అడిగే మెమరీకి గరిష్ఠ హద్దు ర్యామ్, పేజ్‌ఫైల్ రెండూ కలిపి. పేజ్‌ఫైల్ తీస్తే హద్దు 4 జీబీ లోపే ఆగుతుంది. టాస్క్ మేనేజర్‌లో ఇంకా ఖాళీ కనబడుతుండగానే ట్యాబులు కూలిపోతాయి. చూడాల్సిన అంకె కమిటెడ్.

సిస్‌మెయిన్ సర్వీసు ఆపమంటారు. అది ఆగితే మెమరీ కంప్రెషన్ (ర్యామ్‌లో ఉన్నదాన్ని కుదించి పెట్టడం) కూడా ఆగుతుంది. 4 జీబీలో మీకు బాగా పనికొచ్చేది అదే. గెట్-ఎంఎంఏజెంట్ అనే పవర్‌షెల్ కమాండ్ ఇస్తే కంప్రెషన్ నడుస్తోందో లేదో కనిపిస్తుంది.

హైబర్నేషన్ పూర్తిగా ఆపమంటారు. ఆ ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం, మీకు 1.6 జీబీ. అది ఆపితే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోయి హార్డ్ డిస్క్ మీద బూట్ ఇంకా నెమ్మదిస్తుంది. దాని బదులు పవర్‌సీఎఫ్‌జీలో టైప్‌ని రెడ్యూస్డ్ అని పెట్టండి. ఫైలు 20 శాతానికి దిగుతుంది, ఫాస్ట్ స్టార్టప్ ఉంటుంది.

డిఫెండర్ స్కాన్ వల్ల యంత్రం మూలుగుతుంటే దాన్ని తీసేయనక్కర్లేదు. సెట్-ఎంపీప్రిఫరెన్స్ కమాండ్‌లో స్కాన్ యావరేజ్ సీపీయూ లోడ్ ఫ్యాక్టర్ మొదట 50 ఉంటుంది, 20 చేయండి.

నెట్‌ఇన్‌స్ట్

మూడో ప్రశ్నకి నా జవాబు. నిండుగా ఉన్నదాన్ని కోసి చిన్నది చేయడం ఒకటి, చిన్నదానితో మొదలుపెట్టి కావలసినవి చేర్చుకోవడం ఇంకొకటి. రెండూ చివరికి ఒకే సైజుకి రావచ్చు. కానీ మొదటిదానిలో ఏది పోయిందో సిస్టమ్‌కి తెలియదు. రెండోదానిలో ఏది ఉందో, దానికి ఏది కావాలో ప్యాకేజ్ మేనేజర్ దగ్గర లెక్క ఉంటుంది. అప్‌డేట్ ఆగదు, రేపు ఏదైనా కావాలంటే ఒక కమాండ్‌తో వస్తుంది. కాబట్టి మీరు కోత వైపు వెళ్లకుండా డెబియన్ 13 అనే లైనక్స్ నెట్ ఇన్‌స్టాలర్‌తో (కావలసినవి నెట్ నుంచి దింపుకునేది) వెళ్లండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదలండి, అప్పుడు మీ యూజర్‌కే సుడో (అడ్మిన్ కమాండ్లు నడిపే) హక్కు వస్తుంది. సాఫ్ట్‌వేర్ సెలెక్షన్ తెరలో డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసి, స్టాండర్డ్ సిస్టమ్ యుటిలిటీస్ ఒక్కటే ఉంచండి. వైఫై ఫర్మ్‌వేర్ డెబియన్ 12 నుంచీ ఇన్‌స్టాలర్లోనే ఉంది, ఇంటెల్, రియల్‌టెక్ చిప్‌లకు ఇబ్బంది ఉండదు. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు మాత్రం అది సరిపోదు. అందుకే మొదటిసారి ఈథర్‌నెట్ కేబుల్ గానీ ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ గానీ దగ్గర పెట్టుకోండి.

రీబూట్ తర్వాత నల్ల తెర మీద లాగిన్ అడుగుతుంది. అక్కడ వేసుకోవాల్సినవి: ఎక్స్‌ఎఫ్‌సీఈ4 (తేలిక డెస్క్‌టాప్), లైట్‌డీఎం (లాగిన్ తెర), నెట్‌వర్క్ మేనేజర్, దాని ఆప్లెట్, పైప్‌వైర్-ఆడియో, ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్, లిబ్రేఆఫీస్‌లో రైటర్, క్యాల్క్ మాత్రమే, ప్రింటింగ్‌కి కప్స్, స్కానింగ్‌కి సింపుల్-స్కాన్.

బూట్ అయ్యాక ర్యామ్ లెక్క ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ 600 నుంచి 800 ఎంబీ, ఎల్‌ఎక్స్‌క్యూటీ 450 నుంచి 600, ఒట్టి ఐస్‌డబ్ల్యూఎం లాంటి విండో మేనేజర్ 200 నుంచి 300. ఎక్స్‌ఎఫ్‌సీఈకి, ఐస్‌డబ్ల్యూఎంకి మధ్య తేడా 400 ఎంబీ అనుకున్నా అది ఒకటి రెండు బరువైన ట్యాబులకు సరిపోయేంతే. అంతమాత్రం కోసం బ్రైట్‌నెస్ మీటలు, యూఎస్‌బీ మౌంట్, బ్యాటరీ హెచ్చరిక అన్నీ చేత్తో అతికించుకోవడం మీకు దండగ. 1 జీబీ ర్యామ్ యంత్రమైతే వేరే మాట. కొలిచేటప్పుడు ఫ్రీ కమాండ్‌లో యూజ్డ్ గడి కాదు, అవైలబుల్ గడి చూడండి. ఖాళీ ర్యామ్‌ని కెర్నల్ ఫైల్ క్యాష్‌కి వాడుకుంటుంది, అడిగినప్పుడు వదిలేస్తుంది.

4 జీబీలో అసలు లాభం జీర్యామ్‌తో (ర్యామ్‌లోనే కుదించి పెట్టే స్వాప్) వస్తుంది. జీర్యామ్-టూల్స్ ప్యాకేజ్ వేసి, ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్ కింద జీర్యామ్‌స్వాప్ ఫైల్లో ఆల్గో విలువ జెడ్‌ఎస్‌టీడీ, పెర్సెంట్ విలువ 50 పెట్టండి. ఆ పంక్తుల ముందున్న హాష్ (#) గుర్తు తీయడం మరిచిపోతే మీరు రాసిన విలువలు లెక్కలోకి రావు, అందరూ తప్పేది ఇక్కడే. సర్వీసు రీస్టార్ట్ చేసి స్వాప్‌ఆన్ కమాండ్‌తో సరిచూసుకోండి. బ్రౌజర్ మెమరీ మామూలుగా రెండు మూడు రెట్లు కుదించుకుంటుంది, కాబట్టి 2 జీబీ జీర్యామ్ నిండినా అసలు ర్యామ్‌లో అది తినేది జీబీకి అటూ ఇటూగానే. స్వాపీనెస్ (స్వాప్‌ని ఎంత చురుగ్గా వాడాలో చెప్పే విలువ) మొదట 60 ఉంటుంది, దీన్ని 100 చేయవచ్చు, 5.8 కెర్నల్ నుంచి 200 దాకా తీసుకుంటుంది. దీనితో పాటు ఎర్లీఊమ్ వేయండి. ర్యామ్, స్వాప్ రెండూ 10 శాతం లోపుకి పడితే అది ఎక్కువ తింటున్న ప్రోగ్రాముని ఆపుతుంది. లేకపోతే హార్డ్ డిస్క్ ఉన్న యంత్రం పది నిమిషాలు బిగుసుకుపోయి, మౌస్ కూడా కదలదు.

మినిమల్ ఇన్‌స్టాల్‌లో అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఉండదు. అది కూడా వేయండి, సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి.

పాతయంత్రం

ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ స్టిక్ వేశాక డెబియన్ 13ని నెట్‌ఇన్‌స్ట్ గారు చెప్పినట్టే పెట్టాను. తేలిక కోసం ప్యాకేజీలన్నీ నో-ఇన్‌స్టాల్-రికమెండ్స్ ఆప్షన్‌తో వేశాను. బూట్ అయ్యాక 520 ఎంబీ. మిగిలిన చిక్కులు ఇవి:

వైఫై పనిచేస్తోంది కానీ ఆప్లెట్‌లో డివైస్ అన్‌మేనేజ్డ్ అని ఉంది, వేరే నెట్‌వర్క్‌కి మారలేకపోతున్నాను. యూఎస్‌బీ డ్రైవ్ పెడితే ఫైల్ మేనేజర్‌లో కనిపించదు. తెలుగు పేజీల్లో అక్షరాల బదులు డబ్బాలు. ఐబస్ (తెలుగు టైపింగ్ ప్రోగ్రాము) వేశాక టెర్మినల్లో ఒకలా, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకోలా ఉంది, బ్రౌజర్‌లో తెలుగు పడదు. ఇవన్నీ ఆ ఆప్షన్ వల్లేనా?

నెట్‌ఇన్‌స్ట్

మొదటిది తప్ప మిగిలినవి చాలావరకు దానివల్లే.

వైఫైది ఇన్‌స్టాలర్ వదిలిన జాడ. డెస్క్‌టాప్ లేకుండా ఇన్‌స్టాల్ చేస్తే అది వైఫై వివరాలను ఈటీసీలో నెట్‌వర్క్ ఫోల్డర్ కింద ఇంటర్‌ఫేసెస్ అనే ఫైల్లో రాస్తుంది. అందులో పేరున్న కార్డుని నెట్‌వర్క్ మేనేజర్ ముట్టుకోదు. మీ వైఫై కార్డు పేరుతో మొదలయ్యే పంక్తులన్నిటి ముందు హాష్ (#) పెట్టండి, లో అనే లూప్‌బ్యాక్ పంక్తుల్ని అలాగే వదలండి, రీబూట్ చేయండి. ఆ ఫైల్లో వైఫై పాస్‌వర్డ్ తేటతెల్లంగా ఉంటుంది, ఆ పంక్తిని పూర్తిగా చెరిపేయడమే మంచిది.

యూఎస్‌బీకి జీవీఎఫ్‌ఎస్, యూడిస్క్స్2, ఒక పోల్‌కిట్ ఏజెంట్ కావాలి. మూడోది చాలామందికి తట్టదు. ఏజెంట్ లేకపోతే పాస్‌వర్డ్ అడగాల్సిన చోట కిటికీ తెరుచుకోక పని మౌనంగా విఫలమవుతుంది. మేట్-పోల్‌కిట్ వేసి లాగౌట్ అయి రండి.

డబ్బాలకు ఫాంట్స్-నోటో-కోర్ గానీ ఫాంట్స్-లోహిత్-తెలు గానీ చాలు. రెండోది చాలా చిన్నది. వేశాక బ్రౌజర్ మూసి తెరవండి.

టైపింగ్‌కి ఐబస్ ఒక్కటే వేస్తే సరిపోదు. ఫైర్‌ఫాక్స్ లాంటి జీటీకే ప్రోగ్రాములకు ఐబస్-జీటీకే3 కావాలి, అది రికమెండ్స్ జాబితాలో ఉండబట్టే మీకు రాలేదు. లిప్యంతరీకరణతో టైప్ చేస్తే ఐబస్-ఎం17ఎన్ కూడా వేయండి, తెలుగు ఐట్రాన్స్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ పద్ధతులు వస్తాయి. మీరు ఇన్‌స్క్రిప్ట్ వాడేవారైతే అసలు ఐబస్ అక్కర్లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డ్ సెట్టింగుల్లో ఇండియా కింద తెలుగు లేఅవుట్ చేర్చి, మార్చడానికి ఒక మీట పెట్టుకోండి. నేపథ్యంలో ఏ ప్రోగ్రామూ నడవదు, ర్యామ్ ఖర్చు సున్నా.

ఆ ఆప్షన్ గురించి: రికమెండ్స్ అంటే 'ఉంటే బాగుంటుంది' అని కాదు, మామూలు వాడుకలో దాదాపు అందరికీ అవసరమైనవని ప్యాకేజ్ చేసినవారి ఉద్దేశం. నిజంగా అదనంగా ఉండేవి సజెస్ట్స్, అవి ఎలాగూ రావు. సర్వర్ మీద ఈ ఆప్షన్ బాగుంటుంది. డెస్క్‌టాప్ మీద దీంతో మిగిలేది చాలావరకు డిస్క్ చోటే, ర్యామ్ కాదు. మీకిప్పుడు డిస్క్ కొరత లేదు కూడా. ఇకపై ఏది వేసినా ఆ ఆప్షన్ లేకుండానే వేయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒక చిన్న యాప్ తీయబోతే దానితో పాటు మెటా ప్యాకేజ్ కూడా పోవచ్చు. అప్పుడు ఆటోరిమూవ్ జాబితాలో మొత్తం డెస్క్‌టాప్ కనిపిస్తుంది. ఎంటర్ కొట్టేముందు జాబితా చదవండి. ఉంచాల్సినవాటిని ఏపీటీ-మార్క్ మాన్యువల్‌తో గుర్తుపెట్టండి. రెండోది, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో డ్రైవర్లు ఇచ్చే ఫైలు) చిన్నది చేయడానికి మాడ్యూల్స్ విలువని డెప్ అని మార్చమనే సలహా కనిపిస్తుంది. అలా చేస్తే ఈ యంత్రానికి కావలసిన డ్రైవర్లే అందులో ఉంటాయి. రేపు ఈ ఎస్‌ఎస్‌డీని ఇంకో యంత్రంలో పెడితే రూట్ డిస్క్ దొరక్క బూట్ ఆగిపోతుంది. మిగిలేది కొన్ని పదుల ఎంబీలు, వదిలేయండి.

మసల్

ఈ దారం చదివి ఇంకా చిన్నవాటి వైపు చూసేవాళ్ల కోసం.

ఆల్పైన్ అనే లైనక్స్ శుభ్రమైన సిస్టమ్. సెటప్-డెస్క్‌టాప్ స్క్రిప్ట్‌తో ఎక్స్‌ఎఫ్‌సీఈ నిమిషాల్లో వస్తుంది. కానీ అది ఎక్కువ లైనక్స్‌లు వాడే జీలిబ్‌సీ లైబ్రరీ బదులు మసల్ సీ లైబ్రరీ మీద నడుస్తుంది. జీలిబ్‌సీ కోసం కంపైల్ చేసి, సోర్స్ ఇవ్వకుండా పంచే ప్రోగ్రాములు నడవవు: క్రోమ్, ఎన్విడియా సొంత డ్రైవర్, చాలా ప్రింటర్-స్కానర్ కంపెనీల డ్రైవర్లు. ఫ్లాట్‌ప్యాక్‌లో (యాప్‌లను వాటికి కావలసినవాటితో కలిపి ఇచ్చే పద్ధతి) కొన్ని నడుస్తాయి, ఎందుకంటే అది తన జీలిబ్‌సీని తానే తెచ్చుకుంటుంది. అయితే మొదటి యాప్‌తోనే రన్‌టైమ్ పేరుతో వందల ఎంబీల నుంచి జీబీ దాకా దిగి, ఆల్పైన్‌తో మిగుల్చుకున్న చోటంతా తినేస్తుంది. పాతయంత్రం గారి లాంటి స్కానర్ ఉంటే, ముందు దానికి సేన్ ప్రాజెక్టులో స్వేచ్ఛా డ్రైవర్ ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టాలి.

టైనీ కోర్ ఇంకా చిన్నది, గ్రాఫికల్ రకం 23 ఎంబీలే. బూట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లోకి ఎక్కి అక్కడే నడుస్తుంది. ప్రతిసారీ తాజాగా లేస్తుంది కాబట్టి సిస్టమ్ పాడవడం కష్టం. అయితే మీరు మార్చిన ఫైళ్లు షట్‌డౌన్ ముందు బ్యాకప్ అయితేనే నిలుస్తాయి. హోమ్, ఆప్ట్ ఫోల్డర్లు తప్ప వేరే చోట మార్చిన ఫైలు పేరుని ఫైల్‌టూల్ జాబితాలో రాయకపోతే మర్నాటికి ఉండదు. హోమ్‌లో ఫైళ్లు పేరుకుంటే ప్రతి షట్‌డౌన్‌కీ అంతా టార్ చేయాలి, నిమిషాలు పడుతుంది. బూట్ కోడ్లలో హోమ్‌కి డిస్క్ పార్టిషన్ చూపిస్తే ఆ బాధ పోతుంది. ఒకే పనికి కేటాయించిన యంత్రానికి బాగుంటుంది, రోజువారీ డెస్క్‌టాప్‌కి శ్రమ ఎక్కువ.

పప్పీ కూడా ర్యామ్‌లో నడిచేదే, వాడటం తేలిక. మామూలుగా అంతా రూట్ యూజర్‌గానే నడుస్తుందని గుర్తుంచుకోండి. నెట్‌లోకి వెళ్లే ప్రోగ్రాములనైనా అందులోని స్పాట్ యూజర్ కింద నడపాలి.

32 బిట్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు దారి ఇరుకైంది. డెబియన్ 13కి 32 బిట్ పీసీ ఇన్‌స్టాలర్ లేదు, డెబియన్ 12కి ఎల్‌టీఎస్ (పొడిగించిన సెక్యూరిటీ సపోర్టు) 2028 జూన్ 30 వరకు ఉంది.

పేజ్‌ఫైల్

పాతయంత్రం గారూ, వీడియో కాల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఓఎస్ బరువు తగ్గించినందువల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఐ3-5005యూకి రెండే కోర్లు, 2.0 గిగాహెర్ట్జ్, టర్బో లేదు. బ్రౌజర్ కాల్స్ ఎక్కువగా వీపీ8, వీపీ9 అనే వీడియో కుదింపు పద్ధతులు వాడతాయి. లైనక్స్‌లో మీ గ్రాఫిక్స్ వాటిని ఎన్‌కోడ్ చేయదు, ప్రాసెసరే చేయాలి. మీరు పంపే వీడియోని 360పీకి దించండి, బ్యాక్‌గ్రౌండ్ మసక ఆపండి, అవతలివాళ్ల కిటికీలు తక్కువ కనిపించే లేఅవుట్ పెట్టుకోండి.

యూట్యూబ్‌కి వేరే ఉపాయం ఉంది. మీ చిప్ హెచ్.264 అనే ఇంకో వీడియో పద్ధతిని హార్డ్‌వేర్‌లో విప్పగలదు. ఇంటెల్ వీఏ డ్రైవర్ వేసి వీఏఇన్ఫో కమాండ్‌తో హెచ్.264 కనిపిస్తోందో లేదో చూడండి. రికమెండ్స్ లేకుండా వేశారు కనుక ఇదీ వచ్చి ఉండదు. తర్వాత వీడియోలను హెచ్.264లోనే పంపమని అడిగే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టండి. హెచ్.264 అక్కడ 1080పీ వరకే వస్తుంది, మీ తెరకు అది చాలు. వీడియో నడుస్తుండగా టాప్ కమాండ్ చూస్తే ప్రాసెసర్ వాడకం ఎంత పడిపోయిందో తెలుస్తుంది.

పాతయంత్రం

వైఫై, యూఎస్‌బీ, ఫాంట్లు, టైపింగ్ నాలుగూ సరిపోయాయి. వీఏఇన్ఫో ఏమీ చూపించలేదు, ఐ965-వీఏ-డ్రైవర్ వేశాక హెచ్.264 పంక్తులు వచ్చాయి. ఇవన్నీ చేర్చాక బూట్ అయితే 640 ఎంబీ. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కి మారి ఐబస్ తీసేశాను. తీసేముందు ఆటోరిమూవ్ జాబితా చదివాను, అందులో ఫాంట్ ఏదీ లేదు.